తెలుగు విద్యార్థి – ఆంగ్ల క్రియలు



పల్లెటూరి విద్యార్థికి ఆంగ్లమనిన కలుగు భయమునకు ముఖ్య కారణము క్రియాపదము. వస్తువుల పేర్లను అతడు సులభముగనే నేర్చుకొనును. క్రియకడకు వచ్చునప్పటికి 'గో' అన్నది 'వెంట్' అగును, పిదప 'గాన్' అగును. ఎందుకిట్లు మారినదో చెప్పువారు అరుదు. తప్పినచో దండించువారు పెక్కుమంది. తన బుద్ధియే మందమని నమ్మి ఆ బాలుడు చదువునకే దూరమగును. తప్పు అతనిది కాదని ఆ భాషయే సాక్ష్యమిచ్చుచున్నది.

ఆంగ్ల క్రియలలో అధిక సంఖ్యాకములకు భూతకాలరూపము తేలిక. చివర ఇ, డి అను రెండక్షరములు చేర్చిన చాలును. పలుకుబడి మాత్రము మూడు విధములు: 'కాల్' 'కాల్డ్' అగును, 'వాక్' 'వాక్ట్' అగును, 'వాంట్' 'వాంటెడ్' అగును. ట, డ ధ్వనులతో ముగియు క్రియలకే 'ఎడ్' అని విడిగా పలుకవలెను.

1930లో సి. కె. ఆగ్డెన్ అను ఆంగ్లేయ పండితుడు 'బేసిక్ ఇంగ్లీష్' అను పేర 850 మాటలతో ఒక సులభ భాషను ఏర్పరచెను. అందు క్రియలు 18 మాత్రమే: కమ్, గెట్, గివ్, గో, కీప్, లెట్, మేక్, పుట్, సీమ్, టేక్, బీ, డూ, హావ్, సే, సీ, సెండ్, మే, విల్. వీనిలో 'సీమ్' ఒక్కటియే 'సీమ్డ్' అని నియమమునకు లోబడును. తక్కిన 17 క్రియలును దారి తప్పినవే! కొత్తవానికి మొదటినాడే ఎదురగు మాటలే మిక్కిలి వంకరవన్నమాట.

నిత్యము నోట నానెడు మాట తన పాతరూపమును విడువదు. అంతగా వాడబడనిది మరపున పడి సామాన్య నియమమున చేరును. ఎక్కుట అను అర్థముగల 'క్లైమ్' క్రియకు ఒకప్పుడు 'క్లోమ్' అను భూతరూపముండెను. అది పోయి 'క్లైమ్డ్' నిలిచినది. 'వెంట్' మాత్రము 'గో' కన్నబిడ్డ కాదు. 'వెండ్' అను వేరొక క్రియనుండి వచ్చిన దత్తపుత్రుడు.

ఇట్టి వింతలు తెలుగున లేకపోలేదు. 'వచ్చు' అను క్రియకు 'వచ్చడు' అనరు, 'రాడు' అందురు. 'తెచ్చు' 'తేడు' అగును. 'చూచు' 'చూడడు' అగును. 1840లో తెలుగు వ్యాకరణము ప్రకటించిన సి. పి. బ్రౌను దొరకు ఇవి శ్రమించి నేర్వవలసిన రూపములు. తెలుగు బిడ్డకు ఉగ్గుపాలతో వచ్చినవి.

'ఐ డిడ్ నాట్ వెంట్' అనుట తరచు వినవచ్చు పొరపాటు. దీనికి మందు తెలుగుననే కలదు. 'పోలేదు' అనునప్పుడు 'పో' అను భాగమున కాలసూచన లేదు. 'పోయెను లేదు' అని ఎవరును అనరు. అట్లే కాలభారమును 'డిడ్' మోయుచుండగా 'గో' తన మొదటి రూపముననే నిలువవలెను. 'ఐ డిడ్ నాట్ గో' అనుటయే సాధువు.

ఈ 18 క్రియలను కుటుంబములుగా విడదీసి నేర్చుట మేలు. 'లెట్', 'పుట్' ఎన్నడును మారవు. 'కీప్–కెప్ట్', 'సెండ్–సెంట్' టకారముతో ముగియును. 'గివ్–గేవ్–గివెన్', 'టేక్–టుక్–టేకెన్' లోపలి అచ్చును మార్చుకొనును. 'బీ' ఒక్కటియే ఒక పెద్ద సంసారము. దాని రూపములు ఎనిమిది: బీ, యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, బీన్, బీయింగ్. దినమునకొక క్రియను చిన్న వాక్యములలో పలికి వ్రాసినచో మూడు వారములైనను పట్టదు.

గ్రంథాలయము పుస్తకములు దాచు కొట్టు కాదు, భయము తీర్చు చోటు. సాయంకాలమున చదువు వచ్చిన పెద్ద యొకడు ఇచట కూర్చుండి, ఒక్క పిల్లవానిచేతనైనను ఈ మాటలను గొంతెత్తి పలికించి, తప్పినప్పుడు నవ్వక దిద్దినచో, ఈ రజతోత్సవము సార్థకమగును.