బ్రేకు ముందే చెబుతుంది

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునే మాస్టరును. "ఈయనకు కారు బ్రేకులతో ఏం పని? చదువుల గురించి నాలుగు మాటలు చెప్పక" అని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. కార్యదర్శిగారు ఈ విషయం మీద మాట్లాడమన్నప్పుడు నేనూ కొంచెం సంకోచించాను. కాని నా చిన్నతనంలో మన వీధిలోకి కారు వస్తే పిల్లలమంతా దాని వెంట పరుగెత్తేవాళ్ళం. ఇవాళ గల్ఫులో ఉన్న తమ్ముడు కొనిపెట్టి వెళ్ళినదో, వాయిదాల మీద తీసుకున్న సెకండ్ హ్యాండుదో, వీధికి నాలుగైదు కార్లు కనిపిస్తున్నాయి. కసుమూరుకు, మైపాడుకు, పెళ్ళిళ్ళకు ఇంటిల్లిపాదీ ఒకే కారులో ఎక్కి పోతున్నాం. నడపడం అందరం నేర్చుకున్నాం. ఆపే సాధనం సంగతి మాత్రం చాలామందిమి నేర్చుకోలేదు. నేర్చుకోనందువల్ల నాకేం జరిగిందో ముందు మనవి చేస్తాను.

నాది పాత చిన్న కారు. ఒక వేసవిలో బ్రేకు తొక్కినప్పుడల్లా ముందు చక్రం దగ్గర కీచుమనేది. ఏడో తరగతి చదివే మా అమ్మాయి, "అబ్బా, కారు అరస్తా ఉంది" అని రెండు మూడుసార్లు చెప్పింది. "ఉప్పు గాలికి అట్టాగే ఉంటుందిలేమ్మా" అన్నాను. ఆ మాటలో కొంత నిజం ఉంది కాబట్టే నన్ను నేను సులువుగా మోసం చేసుకున్నాను. ఈ నెల ఫీజులు, వచ్చే నెల పెళ్ళి, ఆ పై నెల చూద్దాం అనుకుంటూ రెండు నెలలు గడిపేశాను. ఒక ఆదివారం సాయంత్రం మైపాడు నుంచి తిరిగి వస్తున్నాం. ముందు రొయ్యల మేత బస్తాలతో పోతున్న ట్రాక్టరు ఉన్నట్టుండి ఆగింది. బ్రేకు తొక్కాను. ఇనుము ఇనుమును గీరిన చప్పుడు వచ్చింది, కారు కుడి పక్కకు లాగింది. ట్రాక్టరు ట్రక్కుకూ నా బంపరుకూ మధ్య జానెడు చోటు మిగిలింది. మా అమ్మాయి నుదురు ముందు సీటుకు తగిలి బొప్పి కట్టింది. అంతకు మించి ఏమీ కాలేదు. "నేను ముందే చెప్పినా గదా" అని ఆ పిల్ల అనలేదు. ఇంటికి వచ్చేదాకా ఎవరమూ మాట్లాడలేదు.

మర్నాడు నాకు తెలిసిన ఉస్తాదు దగ్గరికి మెల్లగా తీసుకుపోయాను. ఆయన చక్రం విప్పి, ఒక ముక్క తీసి నా చేతిలో పెట్టి, "మాస్టర్ సాబ్, ఇది ప్యాడా, రేకా? మీరే చెప్పండి" అన్నాడు. అరిగిపోవలసిన పదార్థం అరిగిపోయి, దాని వెనక ఉండే ఇనుప పలక మిగిలింది. ఆ పలక డిస్కును చాళ్ళు చాళ్ళుగా కోసేసింది. ప్యాడ్లతో పోయే ఖర్చు, డిస్కులు కూడా మార్చవలసి వచ్చి నాలుగింతలయింది.

ఇక అసలు విషయానికి వస్తాను. పైతరగతుల్లో పిల్లలకు పాస్కల్ సూత్రం చెబుతాం. మూసి ఉన్న ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పోతుంది. కారు బ్రేకు అదే. మీ పాదం మాస్టరు సిలిండరులోని ఆయిలును నొక్కుతుంది. ఆ ఒత్తిడి గొట్టాల గుండా నాలుగు చక్రాలకూ చేరుతుంది. మన చిన్న కార్లలో ఎక్కువగా ముందు చక్రాలకు డిస్కు, వెనక చక్రాలకు డ్రమ్ము ఉంటాయి. ముందు ప్యాడ్లు డిస్కును రెండు వైపులా పట్టుకుంటాయి, వెనక షూలు డ్రమ్మును లోపలినుంచి ఒత్తుతాయి. పరుగెత్తే బండి శక్తి అంతా ఆ రాపిడిలో వేడిగా మారిపోతుంది. అంటే ప్యాడు అరగడం దాని లోపం కాదు, అరగడమే దాని ఉద్యోగం. వేగం రెండింతలైతే ఆ శక్తి నాలుగింతలవుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కారు ఒక్క సెకండులో 16 మీటర్లకు పైగా పోతుంది. మన కాలు బ్రేకు మీదికి చేరేలోపలే అంత దూరం అయిపోతుంది.

బ్రేకు సాధారణంగా చెప్పకుండా పోదు. ముందే చెబుతుంది. ఎట్లా చెబుతుందో వినండి.

మొదటిది కీచుమనే చప్పుడు. కొత్త ప్యాడు మీద అరిగే పదార్థం సుమారు 10 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అది రెండు మూడు మిల్లీమీటర్లకు వచ్చేసరికి, చాలా ప్యాడ్లకు అమర్చిన చిన్న రేకు డిస్కుకు తగిలి అరుస్తుంది. అది కావాలని పెట్టిన గంట. మన సముద్రపు గాలికి రాత్రంతా నిలబెట్టిన కారు డిస్కుకు పైపైన తుప్పు పట్టి, పొద్దున్నే చప్పుడు రావడం కూడా నిజమే. కాని ఆ చప్పుడు నాలుగైదుసార్లు బ్రేకు వేయగానే పోతుంది. పోకపోతే అది గాలి తప్పు కాదు.

రెండవది గరగరమనే చప్పుడు. అప్పటికే ప్యాడు అయిపోయిందని అర్థం. ఆ కారును ఇక నడపకూడదు.

మూడవది పెడలు. మునుపటికంటే లోతుగా పోతున్నా, స్పాంజి మీద అడుగు పెట్టినట్టు మెత్తగా ఉన్నా ఆయిలు కారుతున్నదో, గొట్టాల్లో గాలి చేరిందో అనుకోవాలి. నాలుగవది, బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగడం. ఐదవది, పెడలులోనూ స్టీరింగులోనూ వణుకు. ఏబీఎస్ ఉన్న కార్లలో గట్టిగా తొక్కినప్పుడు పాదం కింద టకటకమని కొట్టుకుంటుంది. అది జబ్బు కాదు, భయపడి కాలు తీయకండి. మామూలుగా ఆపేటప్పుడు కూడా వణికితేనే డిస్కు చూపించాలి.

ఆరవది ఎర్ర దీపం. ప్యాడ్లు అరిగేకొద్దీ డబ్బాలో ఆయిలు మట్టం మెల్లగా దిగుతుంది. కొందరు ఇంత ఆయిలు పోసి దీపం ఆర్పేస్తారు. జ్వరం తగ్గలేదని థర్మామీటరు పారేసినట్టే అది.

మన తీరం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. గల్ఫు నుంచి మనిషి వచ్చేదాకా నెలల తరబడి నిలబడే కార్లు మన వీధుల్లో ఉన్నాయి. ఉప్పు గాలికి కాలిపరు జారే పిన్నులు బిగుసుకుపోతాయి. అప్పుడు ఒక వైపు ప్యాడు పూర్తిగా అరిగిపోతుంది, రెండోది కొత్తదిగానే ఉంటుంది. బయటి ప్యాడు మాత్రం చూసి "బాగుంది" అనుకుంటే మోసపోతాం. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెంటిగ్రేడు దాకా మరగదు. తేమ పట్టాక 140 డిగ్రీలకే మరగవచ్చు. రాపూరు ఘాటు దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే ఆ వేడి వస్తుంది, ఆయిలులో ఆవిరి బుడగలు పుడతాయి, పెడలు నేలకు తగులుతుంది. అందుకే దిగుడులో చిన్న గేరులో దిగాలి, రెండేళ్ళకొకసారి ఆయిలు మార్పించాలి. 2021 నవంబరులో పెన్నా వరద వచ్చినట్టు నీళ్ళు వచ్చి కారు మునిగితే, ఆరబెట్టి నడపడం కాదు, బ్రేకులు విప్పించి చూపించాలి.

మరొక ముచ్చట చెబుతాను. 1888లో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ, భర్త తయారుచేసిన మోటారు బండిలో ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసింది. లోకంలో మోటారు బండి మీద మొదటి దూర ప్రయాణం అదేనంటారు. దిగుళ్ళలో కొయ్య బ్రేకు దిమ్మలు అరిగిపోయాయి. ఆవిడ బండి ఆపి, చెప్పులు కుట్టేవానిని పిలిపించి వాటికి తోలు కొట్టించింది. బ్రేకు లైనింగుకు అదే నాంది అని చెబుతారు. ఆ తల్లి "ఇంటికి పోయాక చూద్దాం" అనుకోలేదు. తానే సుత్తి పట్టుకోకుండా పని తెలిసినవాని చేత చేయించింది. నేను చేయనిది అదే.

పని తెలిసినవాడు చేస్తే ఎట్లా ఉంటుందో కూడా తెలుసుకోండి. నాలుగు చక్రాలూ విప్పి చూస్తాడు. ఒక వైపు అరిగినా ఎడమా కుడీ రెండు వైపులా కలిపే మారుస్తాడు, లేకపోతే బండి పక్కకు లాగుతుంది. డిస్కు మందం కొలుస్తాడు. పిన్నులు శుభ్రం చేసి వాటికి తగిన గ్రీజు పెడతాడు, ప్యాడు ముఖానికి గ్రీజు అంటనివ్వడు. దుమ్మును నోటితో ఊదడు. పాత రకం లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తులకు విషం. బ్రేకు ఆయిలు బదులు ఇంజనాయిలు పొయ్యడు, పోస్తే లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బి పాడవుతాయి. అంతా బిగించాక, బండి కదిలించకముందే పెడలును గట్టిపడేదాకా తొక్కి చూస్తాడు, తరువాత మిమ్మల్ని ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పుతాడు. మీరు పాత ప్యాడ్లు, బిల్లు అడిగి తీసుకోండి. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి. ఇంటి ముందు ఇసుకలో జాకీ ఎక్కించి సొంతంగా చేసే పని కాదిది.

మెకానిక్ షెడ్లలో పనిచేసే మన పిల్లలు ఈ సభలో చాలామంది ఉన్నారు. బాబూ, మీకూ ఒక మాట. గిరాకీ చేతిలో డబ్బు తక్కువుందని ఒక్క చక్రానికి మాత్రం వేసి పంపకండి, పేరు లేని చౌక ప్యాడు వేయకండి. "ఇది చేస్తే పూర్తిగా చేస్తా, లేకపోతే చెయ్యను" అని చెప్పే హక్కు పనివాడికి ఉంది.

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్ళు చెల్లుతుంది. లారీకి, టాక్సీకి గడువు గడువుకూ ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. మన సొంత కారును అట్లా పిలిచి చూసేవారు ఆ పదిహేనేళ్ళూ ఎవరూ ఉండరు. చూసుకోవలసింది మనమే. కనీసం పదివేల కిలోమీటర్లకొకసారి, తీరంలో ఉన్నాం కాబట్టి వానలకు ముందొకసారి, చక్రాలు విప్పించండి.

ఇప్పుడు మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. కారులో ఏ చప్పుడు విన్నా ముందు చెప్పే అధికారం మా అమ్మాయిది, ఆ వారంలోనే ఉస్తాదుకు చూపించే బాధ్యత నాది. మీ కారులో వెనక కూర్చున్న పిల్ల ఏదైనా చెబితే, దయచేసి ఆ నెల వాయిదా వేయకండి.