పడకగదిలోకి భద్రాచలం ఎండ

ఇల్లు కట్టకముందే పడకగదిని కంప్యూటర్‌లో బొమ్మగా చూపిస్తున్నారు. బొమ్మ బాగుంటుంది, గది మాత్రం నమ్మబుద్ధి కాదు. చాలాసార్లు తప్పు వెలుతురుదే. సీలింగ్ నిండా లైట్లు పెడితే నీడలు చెరిగిపోతాయి. నీడ లేని మంచం గాల్లో తేలినట్టుంటుంది.

ముందు లైట్లన్నీ ఆర్పేసి కిటికీ ఒక్కటే ఉంచండి. ఇల్లు భద్రాచలంలో అనుకుందాం. ఆ ఊరు దాదాపు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు మూడో వారంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 49 డిగ్రీల ఎత్తుకు మించడు. దక్షిణపు కిటికీ ఎండ మంచం దాకా పాకుతుంది. మే నెలలో నడినెత్తికొస్తాడు, ఎండ కిటికీ గట్టు మీదే ఆగిపోతుంది. ఉచితంగా దొరికే బ్లెండర్ అనే 3D సాఫ్ట్‌వేర్‌లో అక్షాంశం, రేఖాంశం, తేదీ, సమయం ఇచ్చి సూర్యుణ్ణి సరిగ్గా అక్కడే నిలబెట్టొచ్చు. తర్వాతే మంచం పక్కన 2700 కెల్విన్ పసుపు దీపం.

నాకు బాగా నచ్చే వెలుగు భద్రాచలం చుట్టుపక్కల కోయగూడేల్లో ఉంది. చూరు కిందికి వాలి ఉంటుంది కదా, ఎండ అలికిన వాకిట్లో పడి, ఆ మట్టిరంగు పూసుకుని లోపలికొస్తుంది. మీ బొమ్మలో నేల రంగు గోడకు అలా అంటాలి.

అలంకరణ కొంచెం చాలు: టేకు మంచం, ముడతలు పడ్డ నేత దుప్పటి, తల ఆనిన గుంటతో ఒక తలగడ, పక్కన నీళ్ల చెంబు.