తేటనీరు, మంచినీరు



నీరు తేటగా నున్నచో మంచిదని తలచుట తాతలనాటి అలవాటు. వరాహమిహిరుడు బృహత్సంహితలోని దకార్గళాధ్యాయమున, కలకబారిన నూతినీటిలో తుంగముస్తెలు, వట్టివేళ్లు, ఉసిరిక, చిల్లగింజ మొదలగువాని పొడి వేయుమన్నాడు. బిందెలో చిల్లగింజ అరగదీసిన ఇల్లాండ్రు ఆ గ్రంథము చదివినవారు కారు, ఐనను ఫలమెరుగుదురు. కాని చిల్లగింజకు లొంగునది బురద మాత్రమే. ఫ్లోరైడునకు రంగు లేదు, వాసన లేదు. నెల్లూరు జిల్లా పల్లెలలో జనుల ఎముకలను వంచినది అదియేనని 1937లో గాని వైద్యలోకమునకు తెలియలేదు.

గుడుపల్లెకు ఇది దూరపు కథ కాదు. ఈ సీమలోని బిసానత్తము, చిగురుగుంట బంగారు గనులు 2001లో మూతపడినవి. పొరుగున కోలారు గనులును ఆ యేడే ఫిబ్రవరి 28న మూతపడినవి. రాతిని పిండిచేసి సయనైడు నీటితో బంగారము లాగగా మిగిలిన పొడి అక్కడ గుట్టలుగా నిలిచియున్నది. దానికి గాలి తగులును, వాన తగులును. దానివలన మన వాగు చెడినదనుట తొందరపాటు. చెడలేదనుటకును ఆధారము కావలెను గదా!

మన వాగులలో అనేకము పాలారులో కలియును. ఆ యేరు కుప్పము సీమలో సుమారు 33 కిలోమీటర్లు పారి తమిళనాడు చేరును. అక్కడ వాణియంబాడి, ఆంబూరు ప్రాంతపు తోళ్ల కర్మాగారముల మురుగు దానిని చెరచినది. 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు చెప్పిన తీర్పులో, ఆ రాష్ట్రమున తోళ్ల పరిశ్రమ గల ప్రాంతములలో 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతగానో పూర్తిగానో పనికిరాకుండ పోయినదని కలదు. దిండిగల్లు వైపు 13 గ్రామములలో 467 బావులు పరీక్షింపగా 350 చెడియున్నవట! ఆ లెక్క వ్రాసినది ఒక స్వచ్ఛంద సంఘము. అది న్యాయస్థానమున సాక్ష్యమైనది. అయితే అది బావులు చెడిన పిమ్మట వ్రాసిన లెక్క. 2025 జనవరిలోను పాలారు గోడు అదే న్యాయస్థానము వినవలసి వచ్చినది.

చెడకమునుపే లెక్క పెట్టుట కష్టము కాదు. 2019లో మొదలైన జలజీవన్ పథకము క్రింద ప్రతి గ్రామమున ఐదుగురు స్త్రీలకు నీటిపరీక్ష నేర్పవలెనని ఏర్పాటు కలదు. పి.హెచ్. 6.5కును 8.5కును నడుమ నుండవలెను. ఫ్లోరైడు లీటరునకు 1 మిల్లీగ్రాము, నైట్రేటు 45 మించరాదు. మలము కలిసిన నీరు పరీక్షసీసాలో నల్లబడును. సయనైడు, ఆర్సెనికుల కచ్చితమైన కొలతకు మాత్రము ప్రయోగశాల కావలెను. ఆ పరీక్షలు కొళాయి దగ్గర జరుగును. వాగు దగ్గరకు పోవువారేరి?

ఊరి ఎగువను ఒకచోట, మురుగు కలిసిన దిగువను ఒకచోట, చెరువులో కలియుచోట మరొకటి గుర్తింపవలెను. వేసవి చివర, తొలివాన వెంటనే, కార్తికమున అవే మూడుచోట్ల నీరు పట్టవలెను. తొలివాన సీసా మరువరాదు. గట్లమీది కశ్మలమంతయు దానిలోనికే దిగును. తేది, చోటు, నీరు పట్టినవారి పేరు, కొలతలు వ్రాసిన పుస్తకము బీరువాలో పెట్టి తాళము వేయక, ఈ గ్రంథాలయమున వార్తాపత్రికల బల్లమీదనే ఉంచవలెను.