రెండు తూటాలు



1971లో తుపాకీ లైసెన్సుల రిజిస్టరు నా బల్లమీద ఉండేది. పాయింట్ 303 సైన్యానిది, మనకు నిషిద్ధం. వేటగాళ్ళకు సర్కారు ఫ్యాక్టరీ పాయింట్ 315. డబ్బున్నవారికి విదేశీ 30-06. మొదటిది బరువైన గుండు, 244 గ్రెయిన్లు. సెకనుకు సుమారు 2,100 అడుగుల వేగం. రెండోది 180 గ్రెయిన్లు, 2,700 అడుగులు. అరకు పొదల్లో వంద గజాలకు మించి కనబడితేగా! అంతవరకు 315 దివ్యంగా పనిచేసేది. ఆ పైన గుండు జారిపోతుంది.

ఒక ఆసామీ వెంట నేనూ వెళ్ళాను. ఎదుటి వాలుమీద, 250 గజాల్లో కణుజు. వద్దన్నా 315 పేల్చాడు. వెంట వచ్చిన గిరిజన తాత నెత్తుట్లో ఆకుపసరు చూసి, "కడుపులో తగిలింది బాబూ, ఇప్పట్లో చావదు" అన్నాడు. ఆసామీ జీపెక్కేశాడు. తాత రెండురోజులు జాడ వెతికాడు, దొరకలేదు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అప్పటికే నేను వేటకు వెళ్ళడం మానేశాను.