తప్పు పిల్లదా, గుండుదా?

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)

ఆడవాళ్ళ కార్యక్రమంలో రైఫిలు మాటలేమిటని మీరు నవ్వుకోవచ్చు. మా రాంగోపాల్‌పేట్‌లోనూ మొదట అందరూ నవ్వారు. మా అమ్మాయి భుజాన పొడుగాటి పెట్టె తగిలించుకుని వెళుతుంటే "ఏమ్మా, వీణ నేర్చుకుంటున్నావా?" అని అడిగేవారు. వీణ కాదండీ, ఎయిర్ రైఫిలు. పది మీటర్ల దూరంలో అట్టముక్క మీద గురి చూసి కొట్టే ఆట.

ఈ ఆట మన జంటనగరాలకు కొత్తదేమీ కాదు. గగన్ నారంగ్ ఇక్కడ పెరిగినవాడే. అతని రైఫిలు కోసం తల్లిదండ్రులు స్థలం అమ్ముకున్నారని పత్రికల్లో చదివాం. 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో 600కి 595 తెచ్చుకుని కూడా, సమానంగా వచ్చినవాళ్ళ మధ్య లెక్క చూసేసరికి ఫైనలుకు వెళ్ళలేకపోయాడు. నాలుగేళ్ళ తరువాత 2012లో లండన్‌లో 701.1తో కాంస్య పతకం గెలిచాడు. పిస్తోలులో మన ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల నుంచి ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. అందుచేత మగపిల్లల ఆట, ఆడపిల్లల ఆట అనే చర్చ ఇక్కడ అనవసరం.

నేను చెప్పదలచుకున్నది గుండు సంగతి. దానికి కారణం నేను చేసిన ఒక పొరపాటు.

మా అమ్మాయికి అరవై గుళ్ళకు 615 దాకా వచ్చేది. ఒక నెలలో అది ఉన్నట్టుండి 606కి పడిపోయింది. నేనేం చేశానో చెప్పమంటారా? సెల్‌ఫోను లాక్కున్నాను. రాత్రి తొమ్మిదింటికే దీపం ఆర్పించాను. "మనసు పెట్టడం లేదు, అంత డబ్బు పోసి పంపిస్తున్నాం" అని దెప్పాను. పిల్ల ఏడ్చి, ఇక రేంజికి వెళ్ళనంది. ఆఖరికి అక్కడి శిక్షకుడు అడిగిన ప్రశ్న ఒక్కటే: "పెల్లెట్ డబ్బా మారిందా అమ్మా?"

మారింది. పాతది అయిపోతే అదే కంపెనీది, అదే రంగు డబ్బా నేనే తెచ్చి ఇచ్చాను. కానీ దాని మీద అచ్చువేసిన బ్యాచ్ నంబరు వేరు.

ఆ పెల్లెట్ ఎలా వుంటుందంటే, బుడబుడక్కలవాడి డమరుకాన్ని చీమంత చేసినట్టు వుంటుంది. మెత్తటి సీసం. ముందు బల్లపరుపు తల, నడుము సన్నం, వెనక బోలుగా చిన్న లంగా. గాలి వెనకనుంచి తోసినప్పుడు ఆ లంగా విచ్చుకుని గొట్టానికి అతుక్కుంటుంది. అడ్డంగా 4.5 మిల్లీమీటర్లు, బరువు సుమారు అర గ్రాము. తల కొలతలోనే 4.49, 4.50, 4.51 అని రకాలున్నాయి. మిల్లీమీటరులో నూరోవంతు తేడా! ఇంతకూ ఆ అట్టమీద "పది" అనే చుక్క ఎంతనుకున్నారు? అర మిల్లీమీటరు. సూదిబెజ్జమంత. కేంద్రం నుంచి పావు మిల్లీమీటరు జరిగితే చాలు, ఒక దశాంశం తగ్గుతుంది. అరవై సార్లు అలా తగ్గితే ఆరు పాయింట్లు పోయినట్టే గదా.

గొట్టం లోపలి గాడి ఏ రెండు రైఫిళ్ళకూ అచ్చంగా ఒకలా వుండదు. అందుకే పక్కమ్మాయికి బంగారంలా కుదిరిన పెల్లెట్ మన పిల్ల రైఫిలుకు కుదరకపోవచ్చు. ధర ఎక్కువైతే మంచిదని కూడా లేదు. పరీక్షించి చూసుకోవలసిందే.

ఆ పరీక్ష ఎలా చేస్తారో నేను పక్కన కూర్చుని చూశాను. బరువైన బల్లకు వైసు బిగించి, అందులో రైఫిలును కదలకుండా పట్టిస్తారు. మన రాణీగంజ్ ఇనపసామాన్ల దుకాణాల్లో దొరికే వైసుకి పెద్దక్క అనుకోండి. ఇక మనిషి చెయ్యి వణకడం, ఊపిరి, గుండె దడ, ఇవేవీ వుండవు. ఒక డబ్బాలోవి పది గుళ్ళు ఒకే చోటికి కొడతారు. తరువాత ఇంకో డబ్బా. అట్టమీద పడ్డ రంధ్రాన్ని అంచు నుంచి అంచుకు కొలుస్తారు. అయిదింటితో తేల్చకూడదట, అదృష్టం కొద్దీ కూడా అయిదు దగ్గరగా పడతాయి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. తలకొలతా, కంపెనీ రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు. కూరలో ఉప్పు, పులుపు ఒక్కసారే వేసి రుచి చూసినట్టు వుంటుంది.

ఆవేళ కొత్త డబ్బా రంధ్రం చెదిరి పెద్దదైంది. డబ్బాలో అడుగున మిగిలిన పాత పెల్లెట్లు పది కొడితే ఒకటే గుండ్రటి చిల్లు. రైఫిలు పట్టుకున్నది వైసు. దానికి సెల్‌ఫోను లేదు, నిద్ర తక్కువ కాలేదు. నాకు తల ఎత్తుకోబుద్ధి కాలేదు.

ఇంత తూకం, కొలత ఆట కోసమా అనిపిస్తుంది. బంగారం కొట్టులో మాత్రం గురిగింజ ఎత్తు తేడా వస్తే ఊరుకుంటామా? ఒక గురిగింజ సుమారు 0.12 గ్రాము. తుపాకీవాళ్ళు గ్రెయిన్లలో తూస్తారు, అదీ గింజ అనే మాటే. మన గురిగింజలో దాదాపు సగం. మా అమ్మాయి పెల్లెట్ నాలుగున్నర గురిగింజలెత్తు.

పెద్ద రైఫిళ్ళతో వెయ్యి గజాల దూరం కొట్టేవాళ్ళు విదేశాల్లో తూటాలు తామే తయారుచేసుకుంటారు. ఒకే రకం ఇత్తడి గొట్టాలు ఏరుకుని, మందును కంసాలిలా తూచి పోస్తారు. గుండు వేగంలో సెకనుకు తొమ్మిది మీటర్ల తేడా వస్తే చాలు, అంత దూరంలో దెబ్బ సుమారు అడుగు కిందకో పైకో పోతుందట. ఇది ఇంట్లో చూసి నేర్చుకునే పని కాదు, మందుతో చెలగాటం ప్రాణాంతకం. యాభై మీటర్లకు వాడే చిన్న తూటాలకు మంట పుట్టించే మందు అంచులోనే వుంటుంది గనుక వాటిని మళ్ళీ నింపుకోవడానికి వీలుండదు. అందుకే పెద్ద ఆటగాళ్ళు ఇంగ్లండులోనో జర్మనీలోనో ఫ్యాక్టరీకి రైఫిలు తీసుకువెళ్ళి, ఒక్కొక్క బ్యాచీ కాల్చి చూసి, కుదిరినదాన్ని పెట్టెలకొద్దీ కొనుక్కుంటారు.

వైసు సంగతీ పాతదే. 1860లో ఇంగ్లండులో వింబుల్డన్ పోటీలు ప్రారంభిస్తూ విక్టోరియా రాణి, యంత్రానికి బిగించిన విట్‌వర్త్ రైఫిలుకు కట్టిన పట్టుతాడు లాగింది. నాలుగు వందల గజాల దూరాన గుండు దాదాపు నడిబొడ్డునే తగిలింది. రాణిగారి గురికి అందరూ చప్పట్లు కొట్టి వుంటారు, గురి యంత్రానిది! అసలు గురి చూపినావిడ మార్జరీ ఫాస్టర్. కోళ్ళు పెంచుకునే ఈమె 1930లో బిస్లీలో రాజుగారి బహుమతి గెలిచిన మొదటి స్త్రీ. ఆ పోటీలో తూటాలు నిర్వాహకులే ఇస్తారు, అందరికీ ఒకే రకం. ఓడిపోయిన మగవాళ్ళకు మందు బాగాలేదని చెప్పుకునే వీలు కూడా లేకపోయింది.

పిల్లల్ని ఈ ఆటకు పంపే తల్లులకు రెండు మాటలు. కుదిరిన బ్యాచి దొరికితే నాలుగైదు డబ్బాలు కలిపి కొనండి, ఖర్చు ఒకసారే కనిపిస్తుంది గాని నష్టం వుండదు. సీసం విషం. పెల్లెట్లు ముట్టుకున్న చేతులు సబ్బుతో కడగనిదే అన్నం దగ్గరకు రానివ్వకండి. వాటిని వంటింటి త్రాసులో తూచనివ్వకండి. మా ఇంట్లో ఆ యుద్ధం కూడా జరిగింది.

ఇప్పుడు మా అమ్మాయి ప్రతి డబ్బా మీదా నంబరు, తేదీ, రంధ్రం కొలత రాసిపెడుతుంది. సెల్‌ఫోను తిరిగి ఇచ్చేశాను. మొన్న స్కోరు మళ్ళీ తగ్గింది. డబ్బా చూశాను, అదే బ్యాచి. "ఈసారి నాదేనమ్మా, ఊపిరి సరిగ్గా పట్టలేదు" అని తనే చెప్పింది. నేనేమీ అనలేదు, కాఫీ కలిపి ఇచ్చాను.