చక్రాల ఇంట్లో ఉండగా హరికేన్ వస్తే



అమెరికాలో సెప్టెంబరు మొదటి సోమవారం కార్మిక దినోత్సవం. శని, ఆది, సోమ మూడు రోజులూ కలిసొస్తాయి కాబట్టి అక్కడున్న మన పిల్లలు చాలామంది ఆ వారాంతానికి ఎక్కడికో ఒకచోటికి బయలుదేరతారు. చూడడానికి వెళ్లిన అమ్మానాన్నలుంటే వాళ్లనూ ఎక్కించుకుంటారు. ఫ్లోరిడా వెళ్దామంటే ఎవరూ కాదనరు. ఇబ్బందల్లా ఒక్కటే. అట్లాంటిక్ హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా సాగుతుంది. దాని నడినెత్తి సెప్టెంబరు 10. అంటే సెలవూ తుఫానూ దాదాపు ఒకే ముహూర్తానికి వస్తాయి.

హోటల్లో దిగినవాళ్ల సంగతి వేరు. ఇవాళ నేను మాట్లాడబోయేది క్యాంపు వేసుకున్నవాళ్ల గురించి. అక్కడ క్యాంపు అంటే గుడారమే కానక్కర్లేదు. మంచాలు, పొయ్యి, స్నానాల గది అన్నీ ఉన్న బస్సులాంటి వాహనం కావచ్చు, కారు వెనక తగిలించుకునే ట్రైలర్ కావచ్చు. అన్నిటినీ కలిపి ఆర్‌వీ అంటారు. రిసార్టు వాళ్లు ఒక జాగా చూపిస్తారు, కరెంటు, నీళ్ల కనెక్షన్ ఇస్తారు. మన ఇల్లు మనతోనే ఉంటుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఫ్లోరిడాలోని ఓర్లాండో దగ్గర వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో ఫోర్ట్ వైల్డర్‌నెస్ అనే క్యాంప్‌గ్రౌండ్ ఉంది. 1971 నవంబరు 19న తెరిచారు. బే లేక్ అనే చెరువు పక్కన, పైన్, సైప్రస్ చెట్ల అడవిలో దాదాపు 800 క్యాంపు జాగాలు, అవి కాక క్యాబిన్లు. సముద్రం ఇటు తూర్పుకు వెళ్లినా అటు పడమరకు వెళ్లినా గంటకు పైగా ప్రయాణం. ఉప్పెన ఇంత దూరం రాదు. అయినా 2017లో ఇర్మా హరికేన్ వచ్చినప్పుడు, 2022లో ఇయన్ వచ్చినప్పుడు, 2024లో మిల్టన్ వచ్చినప్పుడు ఈ క్యాంప్‌గ్రౌండ్‌ను మూసి, ఉన్నవాళ్లను కదిలించారు. అదే ఆవరణలో ఉన్న పెద్ద హోటళ్లలో మాత్రం అతిథులు తలుపులు వేసుకుని లోపలే ఉన్నారు. నీళ్లు రాని చోట ఎందుకంత కంగారు?

గాలి లెక్క చూస్తే తెలుస్తుంది. గాలి వేగం రెట్టింపయితే అది వేసే ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. ఎనిమిది మీటర్ల పొడవు, మూడు మీటర్ల ఎత్తు ఉన్న ట్రైలర్‌ను తీసుకోండి. గంటకు 63 కిలోమీటర్ల గాలి దాని పక్కకు తగిలితే సుమారు నాలుగైదు వందల కిలోల బరువుతో నెట్టినట్టు. వాహనం ఊగుతుంది, లోపలివాళ్లకు నిద్ర పట్టదు, అంతే. హరికేన్ అని పేరు పెట్టడానికి కావలసిన కనీస వేగం గంటకు 119 కిలోమీటర్లు. అప్పుడా నెట్టుడు 1,600 కిలోలు దాటుతుంది. గాలి వేగాన్ని బట్టి హరికేన్లకు ఇచ్చే కేటగిరీలలో మూడోది మొదలయ్యే 178 కిలోమీటర్ల దగ్గర మూడున్నర టన్నుల పైమాట. ట్రైలర్ బరువే మూడు టన్నులనుకుంటే, వెడల్పు తక్కువ, ఎత్తు ఎక్కువ కాబట్టి అది మొదటి కేటగిరీలోనే పక్కకు దొర్లే స్థితికి వస్తుంది. ఇది నిలకడగా వీచే గాలి లెక్క. మధ్యమధ్య కొట్టే విసురు ఇంతకన్నా ఎక్కువగా ఉంటుంది. గొలుసులతో కట్టేశాం కదా అని ధైర్యం చెప్పుకునేవాళ్లున్నారు. గొలుసు తెగకపోవచ్చు, కానీ పల్చటి గోడ చీలిపోతుంది.

రెండోది చెట్లు. మనం చూసి మురిసిపోయే ఆ ఎత్తయిన పైన్ చెట్లే. ఫ్లోరిడా నేల ఎక్కువగా ఇసుక. రెండు రోజులు వాన పడితే వేళ్ల పట్టు సడలుతుంది, ఆ పైన ఓ మోస్తరు గాలికే చెట్టు మొదలంటా ఒరుగుతుంది. గట్టి ఇంటి కప్పు మీద పడితే పెంకులు పోతాయి. ట్రైలర్ మీద పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

మూడో ప్రమాదం చాలామంది ఊహించనిది. తుఫాను కన్నుకు వందల కిలోమీటర్ల దూరంలో, బయటి వాన పట్టీలలో టోర్నడోలు పుడతాయి. 2024 అక్టోబరు 9న మిల్టన్ తీరం దాటింది రాత్రి పూట, రాష్ట్రానికి పడమటి పక్కన, సియెస్టా కీ అనే దీవి దగ్గర. కానీ ఆ సాయంత్రమే, తుఫాను ఇంకా సముద్రం మీద ఉండగానే, తూర్పు తీరాన సెయింట్ లూసీ కౌంటీలో ఒక టోర్నడో వచ్చి, పెద్దవయసువాళ్లు ఉండే తేలికపాటి ఇళ్ల కాలనీలో ఆరుగురి ప్రాణం తీసింది. తుఫాను దారికి దూరంగానే ఉన్నాం కదా అనుకున్న చోటది.

ఫ్లోరిడాలో అధికారులు తరచుగా చెప్పే మాట ఒకటుంది: నీటి నుంచి పారిపోండి, గాలి నుంచి దాక్కోండి అని. గట్టి ఇంట్లో ఉన్నవాళ్లకు అది చాలు. ఆర్‌వీలో ఉన్నవాళ్లు దాక్కోవడానికి చోటు లేదు కాబట్టి గాలి నుంచి కూడా పారిపోవాలి. అందుకే అక్కడి కౌంటీలు ఖాళీ చేయమని ఉత్తర్వు ఇచ్చేటప్పుడు లోతట్టు జోన్లు ఫలానా ఫలానా అని చెప్పి, వాటితో పాటు మొబైల్ ఇళ్లు, ఆర్‌వీలు ఏ జోన్‌లో ఉన్నా సరే అని తరచుగా చేరుస్తాయి. తీరం మీదే ఉన్న క్యాంపుల మాట చెప్పాలంటే, ఫోర్ట్ మయర్స్ బీచ్‌లో సముద్రానికి ఆనుకుని ఉన్న రెడ్ కోకోనట్ అనే ఆర్‌వీ పార్కును 2022 సెప్టెంబరు 28న ఇయన్ ఉప్పెన తుడిచిపెట్టేసింది.

సరే, ఎప్పుడు కదలాలి? ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. టీవీలో కోను ఆకారంలో ఒక బొమ్మ చూపిస్తారు, దాని నడుమ ఒక గీత. కళ్లన్నీ గీత మీదే. ఆ కోను చెప్పేది తుఫాను కేంద్రం ఎక్కడ ఉండవచ్చన్నది మాత్రమే. కేంద్రం దాని లోపల ఉండే అవకాశం మూడింట రెండు వంతులు. మిగిలిన వంతు బయటే. పైగా గాలి, వాన, ఉప్పెన కోనుకు ఎంతో బయట కూడా ఉంటాయి. 2004 ఆగస్టు 13న చార్లీ హరికేన్ పడమటి తీరంలోని టాంపా వైపు వెళ్తుందని గీత చూపించింది. అది చివరి గంటల్లో కాస్త కుడికి మళ్లి, రెండో కేటగిరీ నుంచి నాలుగుకు పెరిగి, టాంపాకు దక్షిణాన తీరం దాటింది. ఆ రాత్రి ఓర్లాండో విమానాశ్రయంలో గాలి విసురు గంటకు 160 కిలోమీటర్లు దాటింది. సముద్రం కనపడని ఊరు అది. అదే సంవత్సరం ఆరేడు వారాల్లో ఫ్రాన్సిస్, జీన్ కూడా మధ్య ఫ్లోరిడా మీదుగానే పోయాయి.

నన్నడిగితే క్యాంపులో ఉన్నవాళ్లు కోను కన్నా ముందు చూడవలసిన మ్యాపు ఇంకొకటుంది. మయామీలోని జాతీయ హరికేన్ కేంద్రమే దాన్నీ ఇస్తుంది. గంటకు 63 కిలోమీటర్ల గాలి మీ ఊరికి ఎంత త్వరగా రావచ్చో ఆ మ్యాపు చెబుతుంది. తుఫాను కన్ను గురువారం తెల్లవారుజామున వస్తుందని వార్తల్లో అంటుంటే, ఈ గాలి బుధవారం మధ్యాహ్నానికే వచ్చి ఉండవచ్చు. మీకున్న గడువు ఆ బుధవారమే. ఆ గాలి మొదలయ్యాక ఎత్తయిన వాహనాన్ని హైవే మీద నడపడం ప్రాణాంతకం. నిలకడ గాలి ఇంచుమించు ఆ వేగానికి చేరితే పెద్ద వంతెనలు మూసేస్తారు. అప్పటి దాకా చక్రాలే మీకు రక్ష. ఆ తర్వాత అదే వాహనం ఊళ్లో అన్నిటికన్నా చెడ్డ చోటు.

హెచ్చరికల్లో రెండు మెట్లున్నాయి. హరికేన్ వాచ్ అంటే ముప్పు ఉండవచ్చని. గాలులు మొదలయ్యే అవకాశానికి సుమారు 48 గంటల ముందు ఇస్తారు. వార్నింగ్ అంటే ముప్పు వచ్చేలా ఉందని. అది సుమారు 36 గంటల ముందు. ఫ్లోరిడా వేళల ప్రకారం ఉదయం 5, 11, సాయంత్రం 5, రాత్రి 11 గంటలకు కొత్త బులెటిన్లు వస్తాయి. క్యాంపువాళ్లు వాచ్ రాగానే సర్దుకోవాలి, వార్నింగ్ దాకా ఆగకూడదు. మిల్టన్ ఒక్క రోజులోనే సాధారణ తుఫాను నుంచి అయిదో కేటగిరీకి ఎదిగింది. కేటగిరీ చూసి నిర్ణయిద్దామని కూర్చుంటే అంత టైము దొరకదు.

రిసార్టులో ఏం జరుగుతుందంటే, ముందు ఫోనుకు సందేశం వస్తుంది, లేదా సిబ్బంది జాగా దగ్గరికే వచ్చి కాగితం ఇస్తారు. ఎండకు వేసిన పందిరి ముడిచేయమంటారు. కుర్చీలు, సైకిళ్లు, దీపాల తోరణాలు లోపల పెట్టమంటారు. నిజంగా గాలి వస్తే అవే ఎగిరొచ్చి తగులుతాయి. తర్వాత మూసే వేళ చెబుతారు. మిల్టన్ అప్పుడు ఫోర్ట్ వైల్డర్‌నెస్‌లో అది బుధవారం ఉదయం. గదులుంటే హోటల్లోకి మార్చవచ్చు, కానీ తీరం నుంచి కదిలివచ్చిన జనంతో అవి అప్పటికే నిండుతుంటాయి. డబ్బు విషయంలో డిస్నీ నియమం మేలైనదే. వచ్చే రోజుకు ఏడు రోజుల లోపల ఓర్లాండో ప్రాంతానికి గానీ మీరుండే ఊరికి గానీ హరికేన్ వార్నింగ్ వస్తే, వాళ్ల దగ్గర నేరుగా చేసుకున్న బుకింగును రుసుము లేకుండా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. అన్ని క్యాంపులూ ఇలా ఉండవు. బుక్ చేసేటప్పుడే అడగాలి.

బయలుదేరేటప్పుడు మురుగు ట్యాంకు ఖాళీ చేయండి, తాగే నీళ్లు నింపుకోండి, గ్యాస్ సిలిండర్ వాల్వు మూసేయండి. డీజిలో పెట్రోలో ముందు రోజే నింపాలి. ఇర్మా సమయంలో 60 లక్షలకు పైగా జనాన్ని ఖాళీ చేయమన్నారు, ఉత్తరానికి పోయే హైవేలు స్తంభించిపోయాయి, బంకులు ఎండిపోయాయి. వందల మైళ్లు పోవలసిన పని లేదు. గట్టి భవనం దొరికితే చాలు. ఏదీ దొరకకపోతే కౌంటీవాళ్లు బడుల్లో తెరిచే షెల్టర్లున్నాయి. అక్కడ మనిషికి చాప పరిచినంత జాగా దొరుకుతుంది. పక్కబట్టలు, మందులు మనవే. ఆక్సిజన్ యంత్రం మీద ఉన్నవాళ్లకు వేరే షెల్టర్లుంటాయి, వాటికి ముందే పేరు నమోదు చేసుకోవాలి.

పెద్దవాళ్లు వినండి, ఇది మీకే. ఇక్కడి డాక్టరు రాసిచ్చిన చీటీ చూపిస్తే అక్కడి మందుల షాపులో మందు ఇవ్వరు. బీపీ, షుగరు మాత్రలు సూట్‌కేసులో అడుగున కాదు, చేతిసంచిలో ఉండాలి. తీసుకువెళ్లినవి పిల్లల ఇంట్లో వదిలేసి రెండు రోజులకే సర్దుకుని బయలుదేరితే, తుఫాను వల్ల ఆ రెండు రోజులు వారమవుతాయి. ఇన్సులిన్ గురించి కంగారు పడకండి. కరెంటు పోయినా వాడుకలో ఉన్న సీసా 30 డిగ్రీల సెల్సియస్ దాటకుండా ఉంటే 28 రోజుల దాకా సాధారణంగా పనిచేస్తుంది. మంచు గడ్డలకు నేరుగా ఆనించి పెట్టకండి. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. ఫ్రిజ్ తలుపు తెరవకపోతే లోపలి తిండి సుమారు నాలుగు గంటలు నిలుస్తుంది. ఆ పైన పాలు, పెరుగు, వండిన కూర పారేయడమే.

తుఫాను దాటాక క్యాంప్‌గ్రౌండ్ వెంటనే తెరవరు. మిల్టన్ తర్వాత డిస్నీ పార్కులు అక్టోబరు 11కే తెరిచారు గానీ, అడవిలో ఒరిగిన కొమ్మలు కొట్టడం, కరెంటు పెట్టెలు పరీక్షించడం వేరే పని. నిలిచిన నీళ్లలోకి దిగొద్దు. కింద తెగిన తీగ ఉండవచ్చు, పైన ఎర్ర చీమలు ముద్దలు ముద్దలుగా తేలుతూ ఉండవచ్చు. కాలికి పుండు ఉన్న షుగరు రోగులు అసలే దిగకూడదు. ఇయన్ తర్వాత తీరప్రాంతంలో ఉప్పునీటి సూక్ష్మజీవి విబ్రియో వల్ల తీవ్రమైన గాయాల ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి.

ఇక జనరేటర్. గాలివాన తట్టుకుని బతికినవాళ్లను ఇది చంపుతుంది. 2020లో లారా హరికేన్ తర్వాత లూసియానాలో చనిపోయినవారిలో చాలామంది జనరేటర్ పొగకే పోయారు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. ముందు తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి. అందరూ అలసట అనుకుని పడుకుంటారు. పడుకున్నవాళ్లు లేవరు. జనరేటర్ ఇంటికీ ఆర్‌వీకీ కనీసం 20 అడుగుల దూరంలో, ఆరుబయట, పొగగొట్టం అవతలి వైపుకు తిప్పి ఉండాలి. కిటికీ తెరిచాం కదా అంటే సరిపోదు. పక్క జాగావాడి జనరేటర్ పొగ కూడా మీ కిటికీలోంచి రాగలదు. బొగ్గుల పొయ్యి లోపల వెలిగించడమూ ఇంతే ప్రమాదం. ఆర్‌వీలో గోడకు ఈ వాయువును పసిగట్టే చిన్న అలారం ఉంటుంది. వాహనం అద్దెకు తీసుకునే రోజే అది మోగుతోందో లేదో మీట నొక్కి చూడండి. రాత్రి అది కూత పెడితే బ్యాటరీ పీకేసి పడుకోకండి. అందరినీ లేపి బయటికి తీసుకొచ్చి, 911కు ఫోన్ చేయండి. ఎవరికైనా తల తిరుగుతోందంటే ఆ మాట ఫోన్లోనే చెప్పండి.