పరదేశమున పండుగ



విదేశములందు నివసించు మన బిడ్డలును, వారిని చూచి వచ్చిన తల్లిదండ్రులును తరచుగా మమ్ము మూడు ప్రశ్నలు అడుగుచుందురు. ఉగాది, వినాయకచవితి, దీపావళి మొదలగు పండుగలను పరదేశమున జరుపుకొన్నను ఫలము కలుగునా? పనిదినమున వచ్చిన పండుగను శనివారమునకు మార్చుకొనవచ్చునా? మన ఆచారము తెలియని ఇరుగుపొరుగువారిని పిలువవచ్చునా? ఈ మూటిని గూర్చి నేడు విచారింతము.

మొదటి దానికి సమాధానము సంకల్పములోనే ఉన్నది. పూజకు కూర్చున్నవాడు ముందుగా తానున్న దేశమును, కాలమును చెప్పుకొనును. ఇక్కడ మనము జంబూద్వీపము, భరతఖండము అందుము. అమెరికాలోని పెక్కు ఆలయములలో అర్చకులు క్రౌంచద్వీపము, రమణకవర్షము, ఐంద్రఖండము అని చెప్పుచున్నారు. ఉన్నచోటిని మరచి పూజ చేయుమని పెద్దలు చెప్పలేదు. ఆ చోటిని పేరుపెట్టి తలచి, అక్కడికే స్వామిని ఆహ్వానింపుమనిరి. పందొమ్మిదవ శతాబ్దమున కూలిపనికై ఓడలెక్కి మారిషస్ దీవి చేరినవారిలో మన తెలుగువారును కలరు. చెరకుతోటలలో చెమటోడ్చుచు వారు విడువక నిలుపుకొన్న ఉగాది నేడు ఆ దేశమున ప్రభుత్వ సెలవుదినము. న్యూయార్కు నగరమున ఫ్లషింగులో 1977లో గణపతి ఆలయ ప్రతిష్ఠ జరిగినది. అదే నగరపు ప్రభుత్వ పాఠశాలలకు దీపావళి సెలవు నిచ్చుచు 2023లో చట్టమైనది. కావున భక్తి గల చోట దేశము అడ్డు కాదు.

ఇక రెండవ ప్రశ్న. తిథి ఆ యా ఊరి సూర్యోదయ సూర్యాస్తమయములను బట్టి చూడదగినది. మనకు ఉదయము 6 గంటలకు ముగియు తిథి, న్యూయార్కులో శీతకాలపు గడియారము ప్రకారము ముందటి రాత్రి 7-30కే ముగియును. అందుచేత ఇక్కడి కాలెండరును గోడకు తగిలించుకొన్న చాలదు. దగ్గరి ఆలయమువారు గణించిన పంచాంగమును అనుసరింపవలెను. ఆ తిథినాడు ఉద్యోగమునకు పోవుటకు ముందో, వచ్చిన పిదపనో స్నానము చేసి, దీపము వెలిగించి, బెల్లపుముక్కయైనను నివేదన చేయవలెను. పదిమందితో కూడి చేయు వేడుకను శనివారమునకు ఉంచుకొనుటలో దోషము లేదు. పూజకు తిథి ముఖ్యము. విందుకు వచ్చువారి వీలు ముఖ్యము. మంచుదేశమున వేపచెట్టు బ్రతుకదు గనుక ఎండిన వేపపువ్వుతో పచ్చడి చేసికొనుచున్నారు. అదియును ఉగాది పచ్చడియే.

మూడవ ప్రశ్నయే అన్నిటికన్న ముఖ్యమైనది. గృహస్థునకు విధింపబడిన పంచమహాయజ్ఞములలో మనుష్యయజ్ఞము ఒకటి. ఇంటికి వచ్చిన మనుష్యుని ఆదరించి అన్నము పెట్టుటయే ఆ యజ్ఞము. ఆ అతిథి భాష ఏది, వర్ణమేది, మతమేది అని శాస్త్రము అడుగలేదు. మంచు కురిసిన నాడు మన వాకిలి ఊడ్చి పెట్టినవాడు, మనము ఊరికి పోయినప్పుడు ఇల్లు కనిపెట్టినవాడు పొరుగువాడే కదా! అతనిని విడిచి, ముప్పది మైళ్ల నుండి తెలుగువారిని మాత్రమే పిలిచినచో పండుగ సగమే అగును.

పిలుచునప్పుడు కొంత వివేకము కావలెను. పండుగ అర్థమును నాలుగు మాటలలో చెప్పవలెను. ఆ మాటలను మన పిల్లల నోటనే చెప్పించినచో, తమ ఆచారమును గూర్చి వారికి సిగ్గు పోయి గౌరవము కలుగును. పులిహోరలోని వేరుసెనగలు, పాయసములోని జీడిపప్పు కొందరు బిడ్డలకు ప్రాణాపాయము గనుక ముందే అడిగి తెలిసికొనవలెను. బాణసంచా విషయమున ఆ ఊరి చట్టమును దాటరాదు. దీపావళికి దీపము చాలును.

వారు పిలిచినప్పుడు మనమును పోవలెను. క్రిస్టమస్‌కు, నవంబరు నాల్గవ గురువారమున వచ్చు వారి కృతజ్ఞతా పర్వమునకు మనమొక వంటకము చేసి కొనిపోవచ్చును. తినరానిది తినమని నవ్వుచు చెప్పవచ్చును, తినువారిని ఏవగించుకొనరాదు. నియమము మనకొరకు, గౌరవము వారికొరకు.

ఒక తల్లి మమ్ము అడిగినది: “స్వామీ, మా పక్కింటి ఆమెకు భర్త పోయినాడు. బొమ్మల కొలువు పేరంటమునకు పిలువవచ్చునా?” పిలువుమంటిమి. “వారి దేశపు ఆమె గనుక పట్టింపు లేదుగదా,” అని ఆమె ఊరట చెందినది. అప్పుడు మేమిట్లంటిమి: “అమ్మా, ఊరినుండి వచ్చిన మీ అత్తగారును భర్తను కోల్పోయినవారే. పరాయి దేశపు ఆమెను ముందు గదిలో కూర్చుండబెట్టి, మిమ్ము కోడలిగా దీవించిన పెద్దావిడను లోపలి గదిలో ఉంచెదరా? ఆమెకును కొలువు ముందే పీట వేయుడు. మొదటి పండు ఆమె చేతికే ఇయ్యుడు.” ఆ తల్లి కొంతసేపు మాటాడలేదు. పిదప, “అట్లే చేసెదను,” అన్నది.

పరదేశవాసము మనకు నేర్పగల పాఠమిదియే. పరాయివారికి తలుపు తెరచిన చేయి, మనవారికి మూసిన తలుపును గూడ గుర్తింపవలెను. కొడుకు ఉద్యోగమునకు, మనుమడు బడికి పోగా కిటికీ దగ్గర ఒంటరిగా కూర్చుండు తండ్రి. సెలవులకు ఇంటికి పోలేక వసతిగృహమున మిగిలిన విద్యార్థి. తండ్రి కడసారి చూపునకు అందక, ఏటిసూతకమున పండుగ మానుకొన్న స్నేహితుడు — వీరిని తలచుకొనుడు. సూతకపు ఇంట పండుగ లేకపోవచ్చును; కాని పలుకరింపునకు సూతకము లేదు. అన్నము వండుకొనిపోయి వారితో కూర్చుండుడు. అదియును ఆ స్వామి సేవయే.

ఏ దేశమున నున్నను మీ ఇంటి దీపము పొరుగింటికి వెలుగగు గాక! శ్రీనివాసుని కటాక్షము మీ అందరిపై ప్రసరించు గాక!

శుభమస్తు.